రేవారిలో రాజుకున్న నిప్పు

గత శీతకాలంలో బాయిలర్ల నిర్వహణకు సంబంధించిన ఒక శిక్షణ నిమిత్తం సంస్థ నన్ను ఢిల్లీకి పంపింది. శిక్షణ శుక్రవారం సాయంత్రానికి ముగిసింది. తిరుగు ప్రయాణం ఆదివారం రాత్రికి. మధ్యనున్న శనివారం ఎక్కడికి వెళ్ళాలన్న ప్రశ్న వచ్చినప్పుడు సహోద్యోగులలో కొందరు ఆగ్రా అన్నారు, కొందరు మథుర అన్నారు. నేను రేవారి అన్నాను. "అక్కడ ఏమున్నది?" అని అడిగారు. "ఒక బొగ్గు ఇంజను" అన్నాను. అందరూ నవ్వారు. అలా నవ్విన మిత్రుల కోసమే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నిజానికి ఈ ఆలోచన నాది కాదు. శిక్షణలో నా పక్కన కూర్చున్న సికింద్రాబాదు యువకుడిది. వేరొక సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తున్న ఆ అబ్బాయికి రైళ్ళంటే ప్రాణం. "సార్, రేపు రేవారి షెడ్డులో ఆజాద్‌ను వెలిగిస్తున్నారు. మా స్నేహితులు నలుగురైదుగురు వస్తున్నారు. మీరూ రండి. జీవితమంతా బాయిలర్లతో గడిపినవారు మీరు, చూడకపోతే ఎలా?" అని పట్టుబట్టాడు. తెల్లవారుజామున మూడున్నరకు చలిలో వణుకుతూ కారెక్కాము.

రేవారి ఢిల్లీకి నైరుతి దిశలో సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, హర్యానా రాష్ట్రపు దక్షిణపు అంచున ఉన్నది. పదహారవ శతాబ్దంలో కొద్దికాలం ఢిల్లీ సింహాసనాన్ని అధిష్ఠించిన హేమూ పెరిగిన ఊరిది. ఇత్తడి సామానుకు పేరుపొందిన ఊరు. 1873లో ఢిల్లీ నుండి రేవారికి మీటరు గేజి మార్గం వచ్చింది. 1893లో ఇక్కడ ఆవిరి ఇంజన్ల షెడ్డును కట్టారు. ఆవిరి యుగం ముగిసిన తరువాత కొంతకాలం పాడుపడి ఉన్న ఈ షెడ్డును బాగుచేసి 2002లో వారసత్వ ప్రదర్శనశాలగా తెరిచారు. ఆవిరి ఇంజన్లను నిలబెట్టి చూపే చోట్లు దేశంలో పెక్కు ఉన్నవి. ఇక్కడి విశేషం ఏమంటే, వీటిలో కొన్నింటిని నేటికీ వెలిగించి నడుపుతారు.

మేము చేరేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. పొగమంచులో షెడ్డు ఆకారం లీలగా కనబడుతున్నది. అయితే కళ్ళకన్న ముందు ముక్కు గుర్తుపట్టింది. బొగ్గు పొగ, వేడెక్కిన నూనె, తడి బూడిద కలిసిన ఆ వాసన! నలభై ఏళ్ళ తరువాత నాకు ఎదురైన ఆ వాసన మా నాన్నగారి ఖాకీ చొక్కాది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆజాద్ అని పిలుచుకునే ఈ ఇంజను డబ్ల్యూపీ తరగతికి చెందిన 7200 నంబరుది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారంలో తయారై మన దేశానికి వచ్చింది. తుపాకి గుండువలె గుండ్రంగా ముందుకు వచ్చిన ముక్కు, దానిమీద పెద్ద నక్షత్రం. మన వయసువారిలో చాలామంది చిన్ననాడు చూచిన మెయిలు బండ్లను లాగినవి ఈ తరగతి ఇంజన్లే. 1947 నుండి 1967 వరకు ఇటువంటివి 755 తయారైనవి.

నిప్పు ముందురోజే వేశారట. ఎందుకంత ముందుగా అన్నది మన విద్యుత్కేంద్రంలో పనిచేసేవారికి చెప్పనక్కరలేదు. చల్లబడిన బాయిలరును తొందరపెట్టరాదు. ఉక్కు పలకలు, గొట్టాలు, వాటిని బిగించిన మరలు ఒకే తీరున వ్యాకోచించాలి. ఒకవైపు కాలి, మరొకవైపు చల్లగా ఉంటే కీళ్ళు సడలుతాయి. మన 210 మెగావాట్ల యూనిట్‌ను చల్లని స్థితి నుండి లేపడానికి ఎంత ఓర్పు కావాలో, ఈ ఇంజనుకూ అంతే ఓర్పు కావాలి. మన దగ్గర ఆవిరి పీడనం చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు దాటుతుంది. ఇక్కడ పదిహేను కిలోలకు లోపే. అంకెలు వేరు, ధర్మం ఒకటే.

షెడ్డు వాకిట్లో ఇనుప డబ్బాలో నిప్పు వేసుకొని నలుగురు కూర్చున్నారు. వారిలో ఒకరు చిత్తరంజన్ ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న బెంగాలీ పెద్దమనిషి. ఇంకొకరు మెడలో కెమెరా వేసుకొన్న ఢిల్లీ కళాశాల విద్యార్థిని. ఆమెతో వచ్చిన తమ్ముడు ఒకడు. నాలుగవ ఆయన, తలకు మఫ్లరు చుట్టుకొని మట్టి కప్పులో టీ తాగుతున్న వృద్ధుడు, ఈ షెడ్డులోనే క్లీనరుగా చేరి, రెండవ ఫైర్‌మన్, మొదటి ఫైర్‌మన్, షంటరు, చివరకు డ్రైవరుగా పనిచేసిన మనిషి. ఇంజను వెలిగించే రోజున ఎవరూ పిలవకపోయినా వస్తాడట. పరిచయాలైన అయిదు నిమిషాలకే మాటలు పట్టాలెక్కాయి.

వెనుక వరుసలో, వెలిగించకుండా చల్లగా నిలిచి ఉన్న చిన్న ఇంజను గురించి మొదటి వాదన. దాని పేరు ఫెయిరీ క్వీన్. 1855లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో కిట్సన్, థాంప్సన్, హెవిట్సన్ కంపెనీ తయారుచేయగా ఈస్ట్ ఇండియన్ రైల్వే కొన్నది. హౌరా, రాణీగంజ్ మధ్య తేలికపాటి మెయిలు బండ్లను లాగింది. 1909లో పని నుండి విరమించి హౌరాలో ప్రదర్శనగా నిలిచింది, తరువాత చందౌసీలోని రైల్వే శిక్షణ పాఠశాలకు, అక్కడి నుండి ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమునకు చేరింది. ఎనభై ఎనిమిదేళ్ళ విశ్రాంతి తరువాత 1997లో దానిని మళ్ళీ నడిపించారు. మరుసటి ఏడాది, క్రమంగా నడుస్తున్న ఆవిరి ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతది అని గిన్నిస్ పుస్తకం గుర్తించింది.

"కాని అది నిజంగా పాతదేనా?" అని మొదలుపెట్టాడు సికింద్రాబాదు అబ్బాయి. "2011లో దాని భాగాలు చాలావరకు దొంగలు ఎత్తుకుపోయారు. పెరంబూరు కర్మాగారంలో మళ్ళీ తయారుచేసి బిగించారు. అంతకుముందూ ఎన్నో మార్చి ఉంటారు. మార్చినవన్నీ తీసివేస్తే 1855 నాటిది ఎంత మిగులుతుంది?"

విద్యార్థిని తమ్ముడు ఫక్కున నవ్వి, "మా తాతయ్య గొడ్డలి లాంటిది. పిడి మూడుసార్లు, మొన రెండుసార్లు మార్చాము. గొడ్డలి మాత్రం తాతయ్యదే" అన్నాడు. అందరం నవ్వాము.

బెంగాలీ పెద్దమనిషి నవ్వలేదు. "నేను 1972లో చిత్తరంజన్‌లో అప్రెంటిసును. చివరి ఆవిరి ఇంజను గేటు దాటి పోతుంటే నిలబడి చూచాను. అప్పటికి మేము తయారుచేసినవి 2,351. అవన్నీ దాదాపుగా కరిగిపోయాయి. ఇనుము ఎప్పుడైనా పోతుంది బాబూ. గొట్టాలు అరుగుతాయి, మారుస్తాము. అది ఇంజనుకు అవమానం కాదు, ఆహారం. ఫెయిరీ క్వీన్ భాగాలు పోయాయి. వాటిని మళ్ళీ చేయగల చేతులు పెరంబూరులో మిగిలి ఉన్నవి కాబట్టి 2012లో అది తిరిగి పట్టాలెక్కింది. భాగాలు ఉండి చేతులు లేకపోతే ఏమయ్యేది?" అన్నాడు.

ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు ఆ మాట మనసులో ముల్లువలె దిగింది.

ఇంతలో డ్రైవరుగారు లేచి, నన్ను చేయి పట్టుకొని ఇంజను దగ్గరకు తీసుకువెళ్ళాడు. విధుల్లో ఉన్న యువ సిబ్బంది గౌరవంగా పక్కకు జరిగారు. ఫైర్‌బాక్సు తలుపు తెరవగానే ముఖం మీద ఎండాకాలం కొట్టినట్లయింది. పారతో బొగ్గు వేయడం బలంతో కూడిన పని అని నేను అనుకొంటూ వచ్చాను. అది చూపుతో కూడిన పని. మూలలలో కొంచెం మందంగా, మధ్యలో పలుచగా, ఎక్కడ తెల్లగా మండుతున్నదో అక్కడికే గురిచూచి విసరాలి. ఒకేసారి కుమ్మరిస్తే నిప్పు ఊపిరాడక నల్లగా కక్కుతుంది. మరీ తక్కువ వేస్తే చల్లని గాలి చొరబడి గొట్టాలను చల్లబరుస్తుంది. నీటిమట్టం చూపే రెండు గాజు గొట్టాల మీద కన్ను తీయరాదు. నీరు ఫైర్‌బాక్సు పైకప్పు కన్న కిందికి దిగితే ఆ కప్పులో బిగించిన సీసపు బిరడా కరిగి, ఆవిరి నిప్పు మీదికి దూకి హెచ్చరిస్తుంది. అది కరిగిందంటే ఆ ఫైర్‌మన్‌కు తలవంపు.

బాయిలరులోకి నీరు ఎక్కించే ఇత్తడి ఇంజెక్టరును చూపి, "దీనికి కదిలే భాగం లేదు. ఆవిరే తనకు కావలసిన నీటిని తానే లోపలికి తోసుకుంటుంది" అన్నాడు డ్రైవరుగారు. ఫ్రాన్సుకు చెందిన గిఫార్ దీనికి 1858లో పేటెంటు తీసుకొన్నాడు. ఫెయిరీ క్వీన్ అంతకు మూడేళ్ళు పెద్దది! ఆ తరం ఇంజన్లలో చక్రాలు తిరుగుతుంటేనే పంపు పనిచేసేది. అందువలన నీరు తగ్గితే, లాగవలసిన బండి లేకపోయినా ఇంజనును ముందుకూ వెనుకకూ నడపవలసి వచ్చేది.

కిందికి దిగిన తరువాత ఆయన పొగగొట్టం వైపు వేలు చూపి, "ఇంజనీర్ సాబ్, ఆ పొగను చూచి చెప్పండి. లోపల ఫైర్‌మన్ ఎలాంటివాడు?" అని అడిగాడు. లేత బూడిదరంగు పొగ సన్నగా లేస్తున్నది. నేను తటపటాయించాను. ఆయనే, "మంచివాడు. నల్లగా వస్తే తిండిపోతు, బొత్తిగా రాకపోతే బద్ధకస్తుడు. మీ బాయిలరు పొగ ఏ రంగులో ఉంటుంది?" అన్నాడు.

పాఠకులారా, ముప్ఫై ఏళ్ళుగా బాయిలరు విభాగంలో పనిచేస్తున్న నేను ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేకపోయాను. పొగలో ఆక్సిజన్ నూటికి ఎంత ఉన్నదో ప్యానెల్ మీది అంకె చెబుతుంది. నేను అంకెను చూస్తాను. పొగను చూచి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు.

ఇప్పుడు మా నాన్నగారి సంగతి. ఆయన డోర్నకల్‌లో ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్. సింగరేణి బొగ్గు ఆయన గోళ్ళ సందులలో నుండి ఏ సబ్బుకూ పోయేది కాదు. సెలవునాడు మా ఇంటి అరుగు మీద కూర్చొని, దూరంగా పోయే గూడ్సు బండి పొగను చూచి, "పిల్లవాడు కొత్త" అనో, "ఇతను మనిషే" అనో తనలో తాను అనుకొనేవారు. నేను ఇంజనీరింగు చదువుతున్న రోజులలో ఒక వేసవిలో, ఆ పొగ విద్య నాకు చెప్పబోయారు. థెర్మోడైనమిక్స్ పుస్తకం చేతిలో ఉన్న గర్వంతో, "ఇదంతా మా పుస్తకంలో ఉంది నాన్నగారూ. ఈ ఇంజన్లు బొగ్గులోని శక్తిలో నూటికి ఎనిమిది పాళ్ళు కూడా వాడుకోలేవు" అన్నాను. ఆయన కోపగించలేదు. "అంతేలే నాయనా" అని ఊరుకున్నారు. మళ్ళీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. నేను చెప్పిన అంకె తప్పు కాదు. కాని ఆ అంకెతో నేను ఒక తలుపు మూశాను. ఇప్పుడు ఆయన లేరు. రేవారిలో ఆ వృద్ధుడు నోటితో చెప్పినది మా నాన్నగారు ఆనాడు చెప్పబోయినదే.

ఆజాద్ కూత వేసింది. మూడు పెట్టెలను తగిలించుకొని, ఆవిరి చిమ్ముతూ, ఒక్కొక్క శ్వాసను లెక్కపెట్టుకొంటున్నట్లు కదిలింది. విద్యార్థిని కెమెరా పక్కన పెట్టి ఊరికే చూస్తూ నిలబడింది. "ఫొటో తీయవేం బేటీ?" అన్నాడు డ్రైవరుగారు. "ఇప్పుడు కాదు దాదాజీ" అన్నది ఆమె.

కొంతసేపటికి మేము స్టేషను చేరి ప్లాట్‌ఫారం చివర నిలబడ్డాము. అల్వర్ వైపు నుండి వందే భారత్ వచ్చింది. కూత వినబడినంతలో ముఖం కనబడింది, ముఖం కనబడినంతలో తోక దాటిపోయింది. 2023 ఏప్రిల్‌లో అజ్మేర్, ఢిల్లీ కంటోన్మెంట్ మధ్య ప్రారంభమైన ఈ బండికి ఒక ప్రత్యేకత ఉన్నది. దాని పాంటోగ్రాఫ్ సాధారణమైన వాటికన్న చాలా ఎత్తుకు లేస్తుంది. ఎందుకంటే ఈ మార్గంలో ఒక కంటైనరు మీద మరొక కంటైనరు పేర్చిన సరకు బండ్లు పోవడానికి వీలుగా విద్యుత్ తీగను ఏడున్నర మీటర్ల ఎత్తున కట్టారు. మామూలు మార్గాలలో అది సుమారు అయిదున్నర మీటర్లే. సరకు బండి అవసరానికి తీగ ఎత్తు పెరిగింది, తీగను అందుకోవడానికి ప్రయాణికుల బండి చేయి చాపింది.

మధ్యాహ్నం ఆటోలో ఊరి వెలుపలికి పోయి ఆ సరకు బండ్ల మార్గాన్ని కూడా చూచాము. సరకు రవాణాకే ప్రత్యేకించిన పశ్చిమ కారిడార్‌లో రేవారి, మదార్ మధ్యనున్న 306 కిలోమీటర్ల భాగాన్ని 2021 జనవరి 7న ప్రారంభించారు. ఆనాడు నడిపిన రెండంతస్తుల కంటైనరు బండి పొడవు ఒకటిన్నర కిలోమీటర్లు. మేము చూచిన బండి ముందు మధేపురాలో తయారైన 12,000 అశ్వశక్తి ఇంజను ఉన్నది. ఫెయిరీ క్వీన్ శక్తి 130. ఒకే ఊరిలో, ఒకే దినాన, తొంభై రెట్ల తేడాను కళ్ళారా చూడగలగడం ఒక అదృష్టం.

ఆటో దిగిన చోట ముళ్ళచెట్టు నీడలో మళ్ళీ వాదన.

"నన్నడిగితే వందే భారతే గొప్పది" అన్నాడు విద్యార్థిని తమ్ముడు. "వేగం ఉంది, పొగ లేదు, బ్రేకు వేసినప్పుడు కరెంటును తిరిగి తీగలోకి పంపుతుంది. ఆజాద్ అందంగా ఉండవచ్చు, కాని దాని కింద ఎంతమంది ఊపిరితిత్తులు పాడయ్యాయో?"

డ్రైవరుగారు తల ఊపాడు. "నిజమే బేటా. వేసవిలో లోపలి వేడికి నా తోటివాళ్ళు స్పృహ తప్పి పడిపోవడం చూచాను. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరను. నేర్చుకొన్నది పోకూడదని మాత్రమే కోరతాను."

"నూరేళ్ళ తరువాత వందే భారత్‌ను ఇలా నడిపి చూపగలమా?" అన్నది విద్యార్థిని. దీనికి బెంగాలీ పెద్దమనిషి చెప్పిన సమాధానం ఇంజనీర్లమందరమూ ఆలోచించదగినది. "ఆవిరి ఇంజను భాగం విరిగితే నమూనా చూచి పోతపోయవచ్చు, లేదా నకలు గీసుకోవచ్చు. దాని రహస్యమంతా దాని ఆకారంలోనే ఉన్నది. కొత్త బండి రహస్యం ఆకారంలో లేదు, దానిలోని కంప్యూటరు ఆదేశాలలో ఉన్నది. వాటిని ఎందుకు అలా వ్రాశారో వ్రాసినవారు చెప్పకపోతే, మ్యూజియంలో నిలబెట్టిన వందే భారత్ ఒక ఖాళీ పెట్టె. పాతవాటికన్న కొత్తవాటికే మనిషి జ్ఞాపకం ఎక్కువ అవసరం."

సాయంత్రం మేము షెడ్డుకు తిరిగి వచ్చేసరికి ఆజాద్‌ను మళ్ళీ లోపలికి చేర్చి నిప్పును దించుతున్నారు. డ్రైవరుగారు ఒక కుర్ర ఫైర్‌మన్‌కు బూడిద తీసే పద్ధతి చూపిస్తున్నాడు. ఆ అబ్బాయి రెండుసార్లు తప్పు చేశాడు, మూడవసారి సరిగా చేశాడు. ఆయన ఏమీ అనలేదు, వీపు మీద ఒక్కసారి తట్టాడు. రైళ్ళ ప్రేమికులు దేశం నలుమూలల నుండి వచ్చి ఫొటోలు తీసుకొనే ఆ దినమంతటిలో అసలైన విశేషం నా దృష్టిలో ఆ ఒక్క క్షణమే. రేవారిలో భద్రపరుస్తున్నది ఇనుము కాదు, ఆ తట్టు.

సెలవు తీసుకొంటూ ఆయన చేతులు పట్టుకొని, "మా నాన్నగారు కూడా ఫైర్‌మన్" అని చెప్పాను. ఉదయమే చెప్పవలసింది. ఎందుకో నోరు రాలేదు. ఆయన నా అరచేతులను తిప్పి చూచి, "మరి మీకేమీ నేర్పలేదా?" అన్నాడు. "నేర్పబోయారు" అన్నాను. ఆయనకు అర్థమయిందనే అనుకొంటాను.

ఇంటికి తిరిగి వచ్చిన తరువాత డ్యూటీకి పోతూ ఒక నిమిషం ఆగి మన చిమ్నీ వైపు చూచాను. బూడిదను ప్రెసిపిటేటర్లు ముందే పట్టివేయడం వలన అక్కడ చూడదగిన పొగ పెద్దగా లేదు. అది మంచిదే. కాని మన పాత యూనిట్ల మీద పనిచేసినవారు ఫ్యాను శబ్దం మారితే ఏమి జరగబోతున్నదో చెప్పగలరు. మిల్లు మీద చేయి వేసి బొగ్గు తడిగా ఉన్నదో లేదో చెప్పేవారిని నేనెరుగుదును. వారిలో కొందరు ఇప్పటికే పదవీ విరమణ చేశారు, రాబోయే రెండు మూడేళ్ళలో మరికొందరు చేయనున్నారు. నేనూ వారిలో ఒకడినే. వీడ్కోలు సభలో శాలువా కప్పి, గడియారం ఇచ్చి పంపిస్తాము. వారి తలలో ఉన్నది వారితోనే గేటు దాటిపోతుంది.

అందువలన సహోద్యోగులకు నాదొక విన్నపం. విరమణ చేయబోయే ప్రతి ఆపరేటరుతోను, ఫిట్టరుతోను, వెల్డరుతోను మన విభాగంలోని యువ ఇంజనీరు ఒకరు కొన్ని గంటలు కూర్చొని, మాన్యువల్‌లో లేనివి అడిగి వ్రాసుకోవాలి. మా విభాగంలో గత నెలలో ఇది మొదలుపెట్టాము. మొదటి నోటుపుస్తకం సగం నిండింది. మొదటి పుటలో, మిల్లు మీద చేయి వేసే పద్ధతి ఉన్నది. చెప్పినాయన పదోతరగతి చదివినవాడు. వ్రాసుకొన్న అమ్మాయి ఎం.టెక్. వ్రాయడం పూర్తయిన తరువాత ఆమె నా దగ్గరకు వచ్చి, "సార్, ఇది మా పుస్తకంలో లేదు" అన్నది.

ఆ మాట మా నాన్నగారు వినవలసింది.